పూర్తయిపోయిన డాక్యుమెంటుకు అనుబంధాలు చేర్చడం ఎలా?

"రిపోర్టు అయిపోయింది, పీడీఎఫ్ కూడా చేసేశాను, ఇప్పుడు ఇంకో నాలుగు పట్టికలు, రెండు ఉత్తరాల కాపీలు వెనకాల పెట్టమంటున్నారు, ఎలా?" ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే ఫైలు చివరికి వెళ్లి ఎంటర్ మీద ఎంటర్ కొట్టి, అన్నీ అక్కడ పేస్ట్ చేసి, పేజీ నంబర్లు చెదిరిపోయాక టెన్షన్‌తో వస్తారు. అందుకే మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

ఒక్క విషయం గుర్తుంటే మీ పని సగం తేలికవుతుంది. అసలు డాక్యుమెంటులో మీరు చెయ్యి పెట్టాల్సినవి మూడే చోట్లు: విషయసూచిక, "అనుబంధం చూడండి" అని చెప్పే వాక్యం, మొత్తం పేజీలెన్నో ఎక్కడైనా రాసి ఉంటే ఆ అంకె. ఇంకేదీ కదపొద్దు. ఎలాగూ ఫైలు తెరిచాం కదా అని మూడో అధ్యాయంలో ఒక పేరా సవరించడం మొదలుపెట్టారంటే అది అనుబంధం చేర్చడం కాదు, రిపోర్టు మళ్లీ రాయడం.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- అసలు ఫైలు (వర్డ్, లిబ్రేఆఫీస్, గూగుల్ డాక్స్, ఏదైనా సరే). లేకపోతే చివరి పీడీఎఫ్.
- దాని కాపీ ఒకటి, వేరే పేరుతో. "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "నిజంగా ఫైనల్" లాంటి పేర్లు వద్దు, తేదీ వేయండి. పని కాపీ మీదే చేయాలి.
- చేర్చాల్సిన వాటి జాబితా, కాగితం మీద రాసుకున్నదైనా చాలు. ఒక్కోదాని ఎదురుగా అది అసలు డాక్యుమెంటులో ఏ పేజీకి సంబంధించిందో రాయండి.
- మీ యూనివర్సిటీగానీ ఆఫీసుగానీ పత్రికగానీ ఇచ్చిన నియమాల కాగితం, ఉంటే.
- ఒక జవాబు: ఈ డాక్యుమెంటు ఇప్పటికే ఎవరికైనా వెళ్లిందా, దాని మీద డిజిటల్ సంతకం ఉందా? ఉంటే నేరుగా 8వ మెట్టుకు వెళ్లండి, మధ్యలోవి మీకు పనికిరావు.

1. ఏది చేర్చాలో, ఏది వద్దో తేల్చుకోండి

ఆ కాగితం లేకుండా అసలు విషయం అర్థం కాకపోతే అది అనుబంధం కాదు, దాని చోటు రిపోర్టు లోపలే. లేకపోయినా విషయం అర్థమవుతుంది కానీ "ఇదెక్కడి నుంచి వచ్చింది" అని అడిగేవాళ్లకు చూపించాలి అనుకుంటే అది అనుబంధం: సర్వే ప్రశ్నలు, పూర్తి పట్టికలు, ఉత్తరాల కాపీలు, లెక్కలు కట్టిన తీరు లాంటివి. ఎవరూ అడగరు, ఎవరూ చూడరు, కష్టపడి సేకరించాను కాబట్టి పెట్టాలనిపిస్తోంది అంటే మాత్రం వదిలేయండి. నలభై పేజీల రిపోర్టుకు నూట ఇరవై పేజీల అనుబంధాలు పెట్టినవాళ్లను చూశాను. అసలు కన్నా వడ్డీ ముద్దు అన్నట్టు ఉంటుంది.

వేల వరుసల ఎక్సెల్ షీటుంటే దాన్ని పేజీల్లోకి దింపొద్దు. ఒక పేజీ సారాంశ పట్టిక అనుబంధంలో పెట్టి, పూర్తి షీటును వేరే ఫైలుగా ఇచ్చి, ఆ ఫైలు పేరు సారాంశం కింద రాయండి.

2. వరుస, పేర్లు

అసలు డాక్యుమెంటులో ఏది ముందు ప్రస్తావనకు వస్తే అది మొదటి అనుబంధం. మీకు ఏది ముందు దొరికింది, ఏది పెద్దది అన్నది లెక్కలోకి రాదు.

పేర్లకు చాలామంది అ, ఆ, ఇ, ఈ వాడతారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, ఫోన్లో "అనుబంధం ఆ తీయండి" అన్నప్పుడు మాత్రం అవతలివాళ్లకు అ వినిపించిందో ఆ వినిపించిందో చెప్పలేం. అందుకే నేను అంకెలు వాడతాను: అనుబంధం 1, అనుబంధం 2. వాటిలోని పట్టికలకు "పట్టిక అను.1-1", "పట్టిక అను.1-2" అని పెడితే అసలు అధ్యాయాల్లోని పట్టిక 1.1తో కలిసిపోదు. ఏ పద్ధతి ఎంచుకున్నా చివరిదాకా అదే ఉండాలి. ఒకచోట అపెండిక్స్, ఒకచోట అనెక్స్చర్, ఇంకోచోట అనుబంధం అని రాస్తే చదివేవాళ్లు మూడు వేర్వేరువి అనుకుంటారు.

3. ఎక్కడ పెట్టాలి

నియమాల కాగితం ఉంటే అది చెప్పినట్టే. ఇందులో అందరిదీ ఒక మాట కాదు: పరిశోధన రచనలకు వాడే నియమావళుల్లో ఏపీఏ పద్ధతిలో రెఫరెన్సుల తర్వాత అనుబంధాలు వస్తాయి, షికాగో పద్ధతిలో పుస్తకాలకైతే నోట్సు, గ్రంథసూచి కంటే ముందే వస్తాయి. ఏ నియమమూ లేకపోతే రెఫరెన్సుల తర్వాత పెట్టేయండి, పాత పేజీ నంబరు ఒక్కటి కూడా మారదు. పదసూచి ఉంటే మాత్రం అన్నిటికంటే చివర ఉండాల్సింది అదే.

4. వర్డ్‌లో అసలు పని

చివరి అక్షరం తర్వాత కర్సర్ పెట్టి, లేఅవుట్ ట్యాబులో బ్రేక్స్ నొక్కి, సెక్షన్ బ్రేక్స్ కింద ఉన్న నెక్స్ట్ పేజ్ ఎంచుకోండి. కంట్రోల్ ఎంటర్ కొడితే వచ్చేది మామూలు పేజీ బ్రేక్, అది కొత్త పేజీ ఇస్తుంది కానీ కొత్త సెక్షన్ ఇవ్వదు. సెక్షన్ లేకపోతే హెడర్ విడిగా మార్చలేరు, కాగితం అడ్డంగా తిప్పలేరు.

ఇప్పుడు కొత్త సెక్షన్ హెడర్ మీద డబుల్ క్లిక్ చేసి, ఏదీ టైప్ చేయకముందే "లింక్ టు ప్రీవియస్" ఆపేయండి. ఫుటర్‌కు వెళ్లి అక్కడ కూడా ఆపండి, ఎందుకంటే రెండిటికీ విడివిడిగా ఉంటుంది. నేనొకసారి హెడర్‌కు ఆపకుండా "అనుబంధం 1" అని టైప్ చేసి, చివరి పేజీలు మాత్రమే చూసుకుని ఒక ఆఫీసుకు పంపించేశాను. వెనక్కి వచ్చాక తెరిస్తే అరవై పేజీలూ, లోపలి అట్టతో సహా, నెత్తిన "అనుబంధం 1" పెట్టుకుని కూర్చున్నాయి. మీకూ అలా అయితే కంగారు పడకండి, వెంటనే చూసుకుంటే కంట్రోల్ జెడ్ చాలు.

పేజీ నంబర్ల విషయంలో నా సలహా: వరుసగా పోనివ్వండి. రిపోర్టు 46తో ముగిస్తే అనుబంధం 47తో మొదలవ్వాలి. ఫార్మాట్ పేజ్ నంబర్స్‌లో "కంటిన్యూ ఫ్రమ్ ప్రీవియస్ సెక్షన్" అని ఉంటుంది. మళ్లీ 1 నుంచి మొదలుపెడితే ఒకే డాక్యుమెంటులో రెండు 3వ పేజీలు ఉంటాయి, ప్రింటు తీసినప్పుడు కలిసిపోతే విడదీసే దిక్కుండదు. నియమాల్లో విడిగా వేయమని ఉంటేనే "అను.1-1" లాంటి రూపం వాడండి.

వెడల్పాటి పట్టిక ఉన్న పేజీని అడ్డంగా తిప్పాలంటే దానికి ముందొక సెక్షన్ బ్రేక్, తర్వాతొక సెక్షన్ బ్రేక్ ఉండాలి. తర్వాతది మర్చిపోతే అక్కడి నుంచి చివరిదాకా అన్ని పేజీలూ పడుకుంటాయి.

లిబ్రేఆఫీస్ వాడేవాళ్లకు సెక్షన్ల బదులు పేజ్ స్టైళ్లు ఉంటాయి. ఇన్సర్ట్ మెనూలో మాన్యువల్ బ్రేక్ తీసుకుని, అక్కడే కొత్త పేజ్ స్టైల్ ఎంచుకోండి. లేటెక్ (కమాండ్లు రాసి డాక్యుమెంటు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వాళ్లకు ఇంత తంటా లేదు, బ్యాక్‌స్లాష్ అపెండిక్స్ అన్న ఒక్క కమాండ్ తర్వాత రాసే అధ్యాయాలన్నీ ఏ, బీ, సీ అవుతాయి. బయటి పీడీఎఫ్ పేజీలు తెచ్చి పెట్టడానికి పీడీఎఫ్‌పేజెస్ ప్యాకేజీ ఉంది. మార్చాక రెండుసార్లు కంపైల్ చేయండి, ఒకసారి చేస్తే విషయసూచికలో పాత అంకెలే కనిపిస్తాయి.

5. శీర్షిక, విషయసూచిక

అనుబంధం శీర్షికకు హెడింగ్ 1 నేరుగా పెడితే, మీ అధ్యాయాలకు ఆటోమేటిక్ నంబర్లు ఉన్నట్టయితే, అది కాస్తా "7. అనుబంధం 1" అయి కూర్చుంటుంది. బోల్డు చేసి సైజు పెంచి వదిలేస్తే విషయసూచికలోకే రాదు. మధ్యేమార్గంగా హెడింగ్ 1 ఆధారంగా కొత్త స్టైల్ ఒకటి చేసి, నంబరింగ్ తీసేసి, పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో అవుట్‌లైన్ లెవెల్ 1 ఉందో లేదో చూసుకోండి. వర్డ్ ఆటోమేటిక్‌గా తయారుచేసే విషయసూచిక మామూలుగా అవుట్‌లైన్ లెవెళ్లను కూడా పట్టుకుంటుంది.

తర్వాత విషయసూచిక మీద రైట్ క్లిక్, అప్‌డేట్ ఫీల్డ్, అందులో "అప్‌డేట్ ఎంటైర్ టేబుల్". పేజీ నంబర్లు మాత్రమే మార్చే ఆప్షన్ నొక్కితే కొత్త శీర్షికలు రావు, "ఎన్నిసార్లు చేసినా రావట్లేదు" అని నాకు రాసేవాళ్లందరూ నొక్కేది అదే.

విషయసూచిక కొత్త వరుసలతో పెరిగి రెండో పేజీలోకి పోతే మొత్తం నంబర్లు ఒకటి జరుగుతాయి. అలా జరగకుండా వరుసల మధ్య ఖాళీ కొంచెం తగ్గించండి.

6. లోపలి నుంచి దారి చూపించండి

అందరూ ఎగ్గొట్టే మెట్టు ఇది. సాఫ్ట్‌వేర్ తప్పులకంటే దీనివల్లే ఎక్కువ అనుబంధాలు చదవకుండా మిగిలిపోతాయని నా అభిప్రాయం. వెనకాల ఏముందో ముందు చెప్పకపోతే అక్కడిదాకా ఎవరు వెళ్తారు? ప్రతి అనుబంధానికీ లోపల కనీసం ఒక్క ప్రస్తావన ఉండాలి.

రాసే తీరు కూడా ముఖ్యమే. "వివరాలకు అనుబంధం చూడండి" అంటే ఏ అనుబంధం, ఏ వివరాలు? "గ్రామాలవారీ అంకెలు అనుబంధం 2లో, 51వ పేజీలో ఉన్నాయి" అంటే పని జరుగుతుంది. పేరా చివర ఈ వాక్యం చేరిస్తే ఒక లైను పెరిగి పేజీ జరిగే ప్రమాదం ఉంటే, బ్రాకెట్లో "అనుబంధం 2, పే. 51" అని పెట్టేయండి.

వీలైతే ఆ అంకెను చేత్తో టైప్ చేయకుండా రెఫరెన్సెస్ ట్యాబులోని క్రాస్ రెఫరెన్స్ వాడండి, రేపు ఇంకో అనుబంధం మధ్యలో దూరినా ఫీల్డులు అప్‌డేట్ చేస్తే సరిపోతుంది. అన్నీ అయ్యాక కంట్రోల్ ఏతో అంతా ఎంచుకుని ఎఫ్9 నొక్కండి, ఫీల్డులన్నీ అప్‌డేట్ అవుతాయి. ఏదైనా లింకు తెగి ఉంటే వాక్యం మధ్యలో "ఎర్రర్" అని ఇంగ్లీషులో బోల్డు అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. పంపేముందు ఆ మాట కోసం ఒకసారి ఫైలంతా వెతకండి. ఆ ఎర్రర్‌తోనే అచ్చయిన థీసిస్‌లు లైబ్రరీల్లో ఉన్నాయి, నవ్వుకోవద్దు.

7. చేతిలో పీడీఎఫ్ మాత్రమే ఉంటే

అసలు ఫైలు పోయిందనుకోండి. అనుబంధాలను వేరే వర్డ్ ఫైలులో తయారుచేయండి, కానీ రిపోర్టు 46తో ముగిస్తే దాని మొదటి పేజీ నంబరు 47 నుంచి మొదలయ్యేలా ముందే పెట్టండి. ఇలా చేస్తే కలిపాక పేజీల మీద నంబర్లు ముద్రించే తలనొప్పి ఉండదు. కాగితం సైజు కూడా అసలుదానిదే ఉండాలి. ఏ4 అంటే 210 × 297 మిల్లీమీటర్లు, లెటర్ అంటే సుమారు 216 × 279. తెరమీద తేడా తెలియదు, ప్రింటులో కింది లైను కోసుకుపోతుంది.

కలపడానికి మ్యాక్‌లో ప్రివ్యూ చాలు, థంబ్‌నెయిల్స్ పక్కన లాగి వదలడమే. విండోస్‌లో పీడీఎఫ్‌శామ్ బేసిక్ ఉచితంగా దొరుకుతుంది. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్లకు క్యూపీడీఎఫ్ ఉంది. ఇంటర్నెట్లో ఫైలు ఎక్కిస్తే కలిపిచ్చే సైట్లు బోలెడు, సంతకాలూ ఫోన్ నంబర్లూ జీతాలూ ఉన్న కాగితాలను మాత్రం అక్కడ ఎక్కించకండి.

విషయసూచిక పేజీని మార్చలేరు కాబట్టి, అనుబంధాల మొదట్లో ఒక పేజీ జాబితా పెట్టి, పీడీఎఫ్‌లో ఒక్కో అనుబంధానికి బుక్‌మార్క్ చేయండి. జాబితా పేజీని ముందువైపు, విషయసూచిక పక్కన దూర్చాలని అనిపిస్తుంది. దూరిస్తే తర్వాతి పేజీలన్నీ ఫైలులో ఒకటి వెనక్కి జరుగుతాయి, కాగితం మీద ఒక అంకె, తెరమీద ఒక అంకె అవుతుంది.

స్కాన్ చేసిన కాగితాలకు 300 డీపీఐ సరిపోతుంది. మామూలు ఉత్తరానికి 600 పెట్టి ఫైలును బరువెక్కించకండి, జీమెయిల్ అటాచ్‌మెంటు హద్దు 25 ఎంబీ. ఫోన్‌తో తీసేట్టయితే కెమెరాతో కాకుండా స్కానర్ యాప్‌తో తీయండి, నీడా వంకరా చాలావరకు పోతాయి. స్కాన్ అంటే బొమ్మే కదా, అందులో మాటలు వెతకలేం. వెతకాల్సి వస్తే ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని అక్షరాలను సాఫ్ట్‌వేర్‌తో చదివించాలి. ఆ పని చేసే టెసరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చు, అయినా వత్తులూ దీర్ఘాలూ మీరు ఒకసారి కంటితో సరిచూసుకోండి.

8. ఇప్పటికే వెళ్లిపోయినవి, సంతకం పెట్టినవి

వీటిని తెరవొద్దు. డిజిటల్ సంతకం ఉన్న పీడీఎఫ్‌కు పేజీలు కలిపితే ఆ సంతకం చెల్లకుండా పోతుంది. "ప్రింట్ టు పీడీఎఫ్ చేసి కలిపాను, సంతకం కనిపిస్తూనే ఉంది" అంటారు కొందరు. కనిపిస్తున్నది సంతకం బొమ్మ, సంతకం ఎప్పుడో పోయింది.

ఇక్కడ చేయాల్సింది వేరే ఫైలు, వేరే సంతకం. మొదటి పేజీ మీద ఇవి ఉండాలి: ఏ డాక్యుమెంటుకు అనుబంధం, దాని తేదీ, నంబరు ఉంటే నంబరు, ఏ పేజీకి లేదా ఏ క్లాజుకు సంబంధించింది, ఈ అనుబంధం తేదీ. పాతదాన్ని ఎవరెవరికి పంపారో వాళ్లందరికీ దీన్ని పంపండి, ఒక్కరిని వదిలినా రెండు రకాల కాపీలు తిరుగుతాయి. ఒప్పందాల్లాంటివైతే అవతలివాళ్ల సంతకం కూడా కావాలా అన్నది లాయరును అడగండి, అది ఫైలు కలిపే విద్యతో తేలేది కాదు.

అచ్చయిపోయిన పుస్తకానికి మన పాతవాళ్ల పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. తప్పొప్పుల పట్టిక లాగే ఒక విడి కాగితం అచ్చువేసి లోపల పెట్టడం. మధ్యలో ఒక పేజీ చేర్చాల్సి వస్తే 24 తర్వాత "24ఎ" అని నంబరు వేయండి, మిగతావి కదలవు. ఒకటి గుర్తుంచుకోండి, పాతదాంట్లో తప్పు దిద్దడం వేరు, కొత్త విషయం చేర్చడం వేరు. రెండూ ఒకే కాగితంలో పెట్టినా వేర్వేరు శీర్షికల కింద పెట్టండి. దిద్దుబాటును "అదనపు సమాచారం" అని పిలిస్తే దాచినట్టు ఉంటుంది.

భద్రపరచడానికి పీడీఎఫ్/ఏ (ఏళ్లతరబడి దాచిపెట్టే ఫైళ్ల కోసం చేసిన పీడీఎఫ్ రకం) అడిగితే: అందులో మొదటి రకం, అంటే పీడీఎఫ్/ఏ-1, లోపల వేరే ఫైళ్లు దాచుకోనివ్వదు. పీడీఎఫ్/ఏ-2 లోపల పీడీఎఫ్/ఏ ఫైళ్లు మాత్రమే పెట్టుకోవచ్చు. ఎక్సెల్ లాంటివి పెట్టాలంటే పీడీఎఫ్/ఏ-3లో కుదురుతుంది. ఏ రకం అడిగారో ముందు కనుక్కోండి.

తెలియకుండా బయటికి పోయేవి

దీనికి విడిగా చోటిస్తున్నాను, ఎందుకంటే ఈ తప్పుకు కంట్రోల్ జెడ్ లేదు. ఎక్సెల్ పట్టికను వర్డ్‌లో ఎంబెడ్ చేస్తే కనిపించేది ఆ చిన్న పట్టికే, కానీ దానితోపాటు మొత్తం వర్క్‌బుక్, మిగతా షీట్లతో సహా, లోపలికి వచ్చేస్తుంది. డబుల్ క్లిక్ చేసినవాళ్లు అన్నీ చూడొచ్చు. మామూలు పట్టికగా పేస్ట్ చేయండి. వర్డ్‌లో బొమ్మను క్రాప్ చేస్తే కత్తిరించిన భాగం ఇంకా ఫైలులోనే ఉంటుంది, కంప్రెస్ పిక్చర్స్‌లో కత్తిరించిన భాగాలు తొలగించే ఆప్షన్ నొక్కితేనే పోతుంది. పీడీఎఫ్‌లో పేర్ల మీద నల్ల డబ్బా గీస్తే పేర్లు కనపడవు, కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేస్తే బయటపడతాయి. అసలు ఫైలులోనే పేర్లు తీసేసి మళ్లీ పీడీఎఫ్ చేయడం మంచిది.

తెలుగు ఫాంట్ల గొడవ

అను ఫాంట్స్ లాంటి పాత ఫాంట్లలో టైప్ చేసిన కాగితాన్ని యూనికోడ్ (ఇప్పుడు ఫోన్లూ కంప్యూటర్లూ వాడే అక్షరాల పద్ధతి) ఫైలులో పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ఫాంటు మార్చి అవస్థపడకండి, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాక పేస్ట్ చేయండి, లేదంటే ఆ భాగాన్ని ఉన్నది ఉన్నట్టు పీడీఎఫ్ చేసి కలపండి. వర్డ్ ఫైలుగానే పంపాల్సి వస్తే ఆప్షన్స్‌లో సేవ్ కింద ఫాంట్లు ఎంబెడ్ చేసే టిక్ పెట్టండి. లేకపోతే అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేక లైన్లు జరిగి, మీరు అంత కష్టపడి కాపాడిన పేజీ నంబర్లు అక్కడ మారిపోతాయి.

సరిగ్గా వచ్చిందా, ఇలా చూసుకోండి

- లెక్క: పాతది 46 పేజీలు, చేర్చినవి 9 అనుకుంటే, మొత్తం 55 రావాలి. 56 వస్తే ఎక్కడో ఖాళీ పేజీ దూరింది, "ఆడ్ పేజ్" సెక్షన్ బ్రేక్ పడిందేమో చూడండి.
- పాత కాపీనీ కొత్తదాన్నీ వర్డ్ రివ్యూ ట్యాబులోని కంపేర్‌లో పెట్టండి. మొదటి 46 పేజీల్లో మీరు కావాలని చేసిన మార్పులు తప్ప ఇంకేమీ కనిపించకూడదు. కనిపిస్తే ఎప్పుడో చెయ్యి జారింది.
- విషయసూచికలో ప్రతి అనుబంధం మీదా నొక్కండి. సరైన పేజీకి వెళ్లాలి.
- పీడీఎఫ్‌లో ఒక తెలుగు మాట వెతకండి. కళ్లముందు ఉన్న మాటే దొరకలేదంటుందంటే పీడీఎఫ్ ఎగుమతి చేసిన తీరులో లోపం ఉంది, "ప్రింట్" బదులు "సేవ్ యాజ్ పీడీఎఫ్"తో మళ్లీ చేసి చూడండి.
- ఫోన్లో తెరిచి చూడండి. అడ్డం పేజీలు తలకిందులుగా ఉంటే అక్కడే తెలుస్తుంది.
- అడ్డం పేజీ ఒకటి, స్కాన్ పేజీ ఒకటి, రెండే ప్రింటు తీయండి. అంచులు కోసుకుపోలేదంటే మిగతావీ బాగానే వస్తాయి.
- ఈ డాక్యుమెంటు ఎప్పుడూ చూడనివాళ్లకు ఇచ్చి "ఆ సర్వే ప్రశ్నలు ఎక్కడున్నాయో తీయండి" అనండి. విషయసూచిక వదిలేసి చివరి నుంచి పేజీలు తిప్పుకుంటూ వస్తున్నారంటే 6వ మెట్టు మళ్లీ చేయాలి.

పంపేశాక కూడా అనుబంధాలు లేని పాత కాపీని చెరపకండి. నాలుగో రోజున "రెండో అనుబంధం తీసేసి పంపండి" అని మెయిల్ వస్తుంది, అప్పుడు తీయడం కన్నా పాతదాన్నుంచి మళ్లీ కట్టడమే త్వరగా అవుతుంది.